గట్టిగా అడిగిన ప్రశ్న

మళ్ళీ ఆ పెద్ద కుర్చీయే వేసి ఉంటారు, ఎక్కడికెళ్ళినా అంతే, అందరికీ మామూలు కుర్చీలు, నాకు మాత్రం చేతులున్నది, దాని మీద ఎర్ర గుడ్డ, పక్క కుర్చీకీ దానికీ మధ్య ఓ మనిషి పడుకునేంత ఖాళీ, ఆ ఖాళీ ఎవరు కొలిచి పెడతారో తెలీదు కానీ నేను బిషప్‌నైన ఈ ఏడేళ్ళలో ప్రతి చర్చిలోనూ ఒకటే కొలత, కొత్తలో నేనే కుర్చీ లాక్కుని పక్కవాళ్ళ దగ్గరికి జరిగేవాణ్ణి, జరగ్గానే వాళ్ళు లేచి నిలబడేవాళ్ళు, కూర్చోండయ్యా అంటే కూర్చునేవాళ్ళు కాదు, చివరికి నేనే వెనక్కి జరిగితే గానీ వాళ్ళ ప్రాణం కుదుటపడేది కాదు, ఇంటికొచ్చి ఈ మాట చెబితే మా ఆవిడ పడీ పడీ నవ్వేది, మీరు జరిగితే వాళ్ళు హడలిపోతారు, జరక్కపోతే మీరు బెంగపెట్టుకుంటారు, మిమ్మల్ని నిలబెట్టే ఉంచమని సర్క్యులర్ పంపిస్తాను అనేది, ఆవిడ పోయి పద్నాలుగు నెలలు, కుర్చీల సంగతి చెప్పుకోడానికి ఇంట్లో మనిషి లేదు, వంటమనిషి ఉంది గానీ ఆవిడ నా ఎదుట తలెత్తదు, డ్రైవర్ ఉన్నాడు, అద్దంలోంచి చూసి అయ్యగారూ గాలి ఎక్కువగా ఉందా, అద్దం ఎక్కించనా అంటున్నాడు, వద్దులే అన్నాను, పొద్దున బయల్దేరినప్పటి నుంచి మేమిద్దరం మాట్లాడుకున్నది ఇంతే, ఇంకా రెండు గంటల దారి ఉంది, నా కిందున్న చర్చిలన్నిటిలో, మా డయాసిస్‌లో ఇదే చివరి చర్చి, దీని తర్వాత మాకు చర్చి లేదు, ఏడేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు, ఏటా ఏదో మీటింగ్ ఉందని నా కింద ఉన్న పెద్ద పాస్టరుగారిని పంపేవాణ్ణి, ఈ ఏడు ఆయన మెట్లు జారి కాలు విరగ్గొట్టుకున్నాడు, పరామర్శకి వెళ్ళినప్పుడు ఆయన కట్టుకట్టిన కాలు చూసి నాకు ముందు జాలి కలగలేదు, అయ్యో ఈ ఏడు నేను వెళ్ళాలే అనిపించింది, బిషప్‌కి రావాల్సిన ఆలోచనేనా అది, కానీ వచ్చింది.

అక్కడి పాస్టరు గంట, అసలు పేరు సంఘం రిజిస్టర్లో ఉంటుంది, నాకు మాత్రం గంటే, సెమినరీలో నాలుగేళ్ళు ఒకే గది మాది, తెల్లవారుజాము గంట కొట్టే డ్యూటీ వాడిది, లేచి వెళ్ళి అందరినీ లేపేసి వచ్చి తను మళ్ళీ పడుకునేవాడు, ప్రిన్సిపాల్ పట్టుకుంటే పిలవడం నా పని సార్, వెళ్ళడం వాళ్ళ పని అన్నాడు, ఆ రోజు నుంచి గంట అయిపోయాడు, నన్ను మేష్టారూ అనేవాడు, దేనికైనా మూడు కారణాలు చెప్తానని, నా పెళ్ళిలో వాడు, వాడి పెళ్ళిలో నేను, వాళ్ళకి పదేళ్ళ తర్వాత ఆడపిల్ల పుడితే ఈ చేతులతోనే బాప్తిస్మమిచ్చాను, నీళ్ళు పడితే ఏడ్చింది గానీ పక్కనే ఎవరో ఇత్తడి పళ్ళెం జారవిడిస్తే చర్చంతా ఉలిక్కిపడింది, పిల్ల మాత్రం కదల్లేదు, ఎంత నెమ్మదస్తురాలో అని మురిసిపోయాం మేం నలుగురం, ఆర్నెల్లకి తెలిసింది దానికి చెవులు వినపడవని, ఆ రాత్రి గంట నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాడు, పెద్దమనిషి ఏడుపు ఎంత బరువుంటుందో నా తొడలకి ఇప్పటికీ తెలుసు.

ఆ బరువు తెలిసీ చేశాను, అదే, దాని చుట్టూ ఎన్ని మాటలు తిప్పినా చివరికి అక్కడికే వస్తాను, నేను బిషప్‌నైన మూడో నెల, గంట అప్పటికి సిటీలో పెద్ద చర్చిలో ఉన్నాడు, పిల్లకి తొమ్మిదేళ్ళు, ఎన్నో చోట్ల తిరిగి తిరిగి చివరికి సిటీలో సైగల భాష నేర్పే బడి దొరికింది, చేరి ఏడాది కాలేదు, అమ్మ, నీళ్ళు, ఆకలి, వద్దు, ఎందుకు, ఇవన్నీ చేతులతో అడగడం అప్పుడే మొదలెట్టింది, ఎందుకు అన్న మాట వచ్చాక ఇల్లంతా తిరిగి కనపడిన ప్రతిదాన్నీ వేలితో చూపించి ఎందుకు, ఎందుకు అని అడిగేదట, ఇంతలో కమిటీలో కొందరు గొణగడం మొదలెట్టారు, కొత్త బిషప్ తన మనుషులకి మంచి చర్చిలిస్తాడట, గంటని మాత్రం కదపడట, ఆ మాట నా చెవిన పడి నిద్రపట్టలేదు, నాలుగు రోజులు ఆలోచించి ట్రాన్స్‌ఫర్ల లిస్టులో మొదటి పేరు వాడిది రాశాను, చివరి చర్చికి, నేను ఎవరి పక్షమూ కాదని అందరికీ ఒక్క కాగితంతో తెలిసిపోవాలని, తెలిసింది కూడా, భేష్ అన్నారు, గట్టి మనిషి అన్నారు, గంట ఆఫీసుకొచ్చాడు, బయట బెంచీ మీద ముప్పావుగంట కూర్చున్నాడు, నా గది తలుపు సందులోంచి వాడి చెప్పులు కనపడుతున్నాయి, లోపల నాకు పనేం లేదు, అయినా కూర్చోబెట్టాను, పిలిచాక వచ్చి నిలబడి రెండేళ్ళు ఆగు, పిల్లకి మాటలొచ్చేదాకా, తర్వాత ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతాను అన్నాడు, నేను మూడు కారణాలు చెప్పాను, ఒకటి న్యాయం, రెండు సంఘం ముందు మంచి సాక్ష్యం, మూడోది గుర్తులేదు, వాడు ఇంకేదో అనబోతుంటే ప్రార్థన చేద్దాం అన్నాను, కళ్ళు మూసుకున్నాను, పాస్టరు ముందు బిషప్ కళ్ళు మూసుకుంటే పాస్టరేం చేస్తాడు, తనూ మూసుకోవాలి, ఆమేన్ అనాలి, అన్నాడు, వెళ్ళిపోయాడు, ఎంత తేలికగా మూశానో ఆ తలుపు, దేవుడి పేరు పెట్టి మూశాను, ఇప్పుడు పద్నాలుగు నెలలుగా నాకు ప్రార్థన రావట్లేదు, పుస్తకంలో ఉన్నది చదువుతాను, గొంతు బాగుంటుందంటారు, ఒక్కణ్ణీ మోకాళ్ళ మీద కూర్చుంటే మాత్రం నోట్లో మాట పుట్టదు, ఎవరికి చెప్పను, నా మందకి నేను కాపరిని, నాకెవరు కాపరి, మా ఆవిడ సమాధి కార్యక్రమంలో రెండు వేల మంది నా చెయ్యి పట్టుకున్నారు, ప్రతివాళ్ళదీ ఒకటే మాట, మీరే మాకు ధైర్యం చెప్పాలి అయ్యగారూ అని, సరే అని చెప్పాను, రెండు వేల మందికీ.

కారు ఆగింది, ఎండ నిటారుగా ఉంది, చిన్న చర్చి, సున్నం కొత్తగా వేసినట్టున్నారు, వరసగా నిలబడ్డ పెద్దలు, చివర గంట, జుట్టు మొత్తం తెల్లబడింది, నాకన్నా ఏడాది చిన్నవాడు, వందనాలు బిషప్ గారూ, ప్రయాణం బాగా జరిగిందా అన్నాడు, గారూ అన్న మాట వాడి నోట్లో ఎంత నున్నగా ఉందో, ఏడేళ్ళు సానపెట్టినట్టు, బాగానే జరిగిందయ్యా అన్నాను, అయ్యా అన్నాను నేను కూడా, పీఠం పక్క గదిలోకి, వెస్ట్రీలోకి తీసుకెళ్ళాడు, అంగీ తొడగడానికి సాయం చేశాడు, చేతులు తగలకుండా తొడిగాడు, వెనక నుంచి మెడ దగ్గర కాలర్ సరిచేస్తూ ఒక్క క్షణం ఆగాడు, కాలర్ వదులైపోయిందని చూసి ఉంటాడు, ఏమన్నా అంటాడేమో అనుకున్నాను, నలభై ముగ్గురు పిల్లలండీ కన్ఫర్మేషన్‌కి, లిస్టు బల్ల మీద పెట్టాను అన్నాడు, లిస్టు చూడలేదు నేను, కళ్ళజోడు సంచీలో ఉంది, తీయబుద్ధి కాలేదు, చూసి ఉంటే బాగుండేది, చూసి ఉంటే ఆ పేరు కనపడేది, నేను పెట్టిన పేరే.

పసితనంలో బాప్తిస్మం పొందినవాళ్ళు ఇప్పుడు తమ నోటితో ఒప్పుకోవాలి, కన్ఫర్మేషన్ అంటే అదే, ఒక్కొక్కరూ వచ్చి మోకరిస్తున్నారు, ప్రభువును వెంబడిస్తానని నీ నోటితో ఒప్పుకుంటున్నావా అని అడగాలి, ఒప్పుకుంటున్నాను అనాలి, తల మీద చెయ్యి పెట్టాలి, వెచ్చని తలలు, నూనె రాసినవి, కొత్తగా క్షవరం చేయించుకున్నవి, ఒకడి తల భయంతో వణుకుతోంది, ఇంతమంది తలలు ముట్టుకుంటాను ఏడాదికి, నా తల ఎవరూ ముట్టుకోరు, పద్నాలుగు నెలలైంది ఈ తల మీద ఒక మనిషి చెయ్యి పడి, ఏమిటీ ఆలోచన, పీఠం దగ్గర నిలబడి, ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటో పిల్ల పొడుగ్గా ఉంది, మోకరించినా నా ఛాతీ దాకా వచ్చింది, తిన్నగా నా మొహంలోకి చూస్తోంది, మిగతావాళ్ళంతా తలదించుకున్నారు, ఈ పిల్ల మాత్రం నా పెదాలే చూస్తోంది, అడిగాను, జవాబు లేదు, చేతులు ఏదో కదిపింది, భయపడిందేమో అనుకున్నాను, రెండోసారి గట్టిగా అడిగాను, చర్చి గోడలు తిరిగి పలికేంత గట్టిగా, నీ నోటితో ఒప్పుకుంటున్నావా అని, చర్చంతా బిగుసుకుపోయింది, ఎందుకిలా బిగుసుకుపోయారు, ఆ పిల్ల మళ్ళీ అదే కదలిక, గుండె మీద నుంచి చెయ్యి ఎత్తి ముందుకు, నెమ్మదిగా, అర్థంకాని మొద్దుకి విడమరిచి చెప్పినట్టు, అప్పుడు కనుబొమలు చూశాను, గంట కనుబొమలు, మధ్యలో కలిసిపోయినవి, వినపడని పిల్లని గట్టిగా అడిగాను నేను, నీ నోటితో అని, నా చెవులు కాలిపోతున్నాయి, ఇంతలో వెనక బెంచీల్లోంచి ఒక ముసలావిడ లేచి ఒప్పుకుంటున్నానంటోందయ్యా అంది, పక్కనున్న పిల్లలూ అన్నారు, పాట పాడేవాళ్ళూ అన్నారు, ముప్పై నలభై గొంతులు, ఒప్పుకుంటున్నానంటోందయ్యా, తల మీద చెయ్యి పెట్టాను, ప్రార్థనలో ఒక వాక్యం మింగేశాను, ఎవరూ పట్టించుకోలేదు, చివర్లో ఆమేన్ అన్నప్పుడు సంఘమంతా నోటితో పాటు చేతులు కూడా ఆడించింది, ఒకే కదలిక, గింజలు చల్లినట్టు.

భోజనాల దగ్గర పెద్ద కుర్చీ, ఎర్ర గుడ్డ, అంతా అనుకున్నట్టే, సంఘం సెక్రటరీ పైకప్పు రిపేరు గురించి చెబుతున్నాడు, అవును అంటున్నాను, కాదు అనాల్సిన చోట కూడా అవునన్నానేమో, ఇంతలో గంట భార్య వచ్చింది, అందరి ముందూ బావగారూ అని పిలిచింది, సెక్రటరీ నోట్లో ముద్ద ఆగిపోయింది, బావగారూ భోజనం అయితే ఒకసారి ఇంట్లోకి రండి, అమ్మాయి మిమ్మల్ని అడుగుతోంది అంది, చర్చి వెనకే పాస్టరు ఇల్లు, రెండు గదులు, కిటికీ దగ్గర బల్ల మీద మిషను, సగం కుట్టిన రవిక, గోడకి కాగితాల మీద చేతుల బొమ్మలు, గంట మంచం చివర కూర్చున్నాడు, నన్ను కూర్చోమనలేదు, నేనే స్టూలు లాక్కున్నాను, ఏం మాట్లాడాలో తెలీక ఈ ఊళ్ళో బడి లేదు కదమ్మా, ఎవరు నేర్పించారు దీనికి అన్నాను, ఆవిడ నా మొహం చూసింది, మొగుడి మొహం చూసింది, అక్క చెప్పలేదా మీకు అంది, ఏ అక్క, మీ ఆవిడండీ బావగారూ, మేం ఇక్కడికొచ్చిన నెలకే అక్క సిటీలో ఆ బడికి వెళ్ళి టీచరు దగ్గర తను నేర్చుకోవడం మొదలెట్టింది, వారానికి రెండు మధ్యాహ్నాలు, ప్రతి శనివారం ఫోన్లో వీడియో పెట్టి మా ఇద్దరికీ నేర్పించేది, ఆరేళ్ళు, ఆస్పత్రి మంచం మీద నుంచి కూడా, సెలైన్ గుచ్చిన చెయ్యి లేవకపోతే ఒంటి చేత్తో చెప్పేది, మీకు తెలీదా.

నాకు తెలీదు, శనివారాలు వంటింట్లో ఫోను గిన్నెకి ఆనించి చేతులు తిప్పుతుంటే చూశాను, ఎన్నోసార్లు చూశాను, ఏమిటది అంటే వేళ్ళ నొప్పులకి ఎక్సర్‌సైజ్ అంది, మంచిదే చెయ్యి అని కాఫీ పట్టుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయాను, వేళ్ళ నొప్పి తగ్గిందా అని కూడా అడగలేదు ఆరేళ్ళలో, ఎందుకు చెప్పలేదు నాకు అన్నాను, గంట భార్య పమిట అంచు వేలికి చుట్టుకుంటూ, చెప్పమని నేనూ అన్నాను బావగారూ, అక్కేమో, ఆయన చేసినదాన్ని నేను దిద్దుతున్నానని తెలిస్తే తలెత్తుకోలేరు, చూద్దాం, ఏదో ఒక రోజు ఆయనే అడుగుతారు పిల్ల ఎలా ఉందని, అప్పుడు చెప్తాను అనేది అంది, ఏదో ఒక రోజు, ఆరేళ్ళలో ఆ రోజు రాలేదు, నేను అడగలేదు, గంట పేరెత్తితే ఆవిడ మొహంలో ఏం కనపడుతుందోనని ఆ పేరే ఇంట్లో రానివ్వలేదు, ఆవిడ మాత్రం నా పక్కనే కూర్చుని ఎదురుచూసింది, పిల్ల ఇంతలో లోపలికొచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది, చేతులు గబగబా కదిపింది, తల్లి చెప్పడానికి తటపటాయించింది, ఏమంటోంది అన్నాను, పెద్దమ్మ పోయాక పెదనాన్నతో ఎవరు మాట్లాడుతున్నారు అని అడుగుతోంది బావగారూ, చిన్నపిల్ల, ఏమనుకోకండి.

ఏమనుకోను, పద్నాలుగు నెలల్లో ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి, ఎవరూ లేరమ్మా అన్నాను, నా పెదాలు చదివింది, తల్లివైపు తిరగలేదు, తల ఊపింది, ఆ ఊపడంలో జాలి లేదు, తెలిసినవాళ్ళు ఊపే ఊపు, గంట అప్పుడు మొదటిసారి మాట్లాడాడు, దానికి తెలుసు అన్నాడు, ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది, ఇంకా మాకే సరిగ్గా రాదు, దానికి వచ్చిన నాలుగు మాటలు అర్థమయ్యేవాళ్ళు ఈ ఊళ్ళో ఒక్కరు లేరు, వచ్చినవాళ్ళందరినీ ఎందుకు, ఎందుకు అని అడిగేది, వాళ్ళు నవ్వి బుగ్గ గిల్లి వెళ్ళిపోయేవాళ్ళు, ఓ రోజు అడగడం మానేసింది, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ గోడకేసి తిరిగి కూర్చునేది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, పదినెలలు, అప్పుడు నువ్వు గుర్తొచ్చేవాడివి, మంచిగా కాదు, నువ్వు అన్నాడు, గారూ పోయింది, ఆ మాట పట్టుకుని సంతోషించే మొహం నాకు లేదు, తప్పు చేశానురా అన్నాను, న్యాయం కోసం కాదు, నలుగురూ నన్ను ఏమంటారోనని చేశాను, నిన్ను బయట కూర్చోబెట్టినప్పుడు లోపల నాకేం పని లేదు అన్నాను, వాడు తెలుసు అన్నాడు, తలుపు సందులోంచి నాకూ నువ్వు కనపడుతూనే ఉన్నావు అన్నాడు, వచ్చే ఏడు సిటీకి వేస్తాను, అమ్మాయికి కాలేజీ, అని మొదలెట్టాను, వాడు చెయ్యి అడ్డం పెట్టాడు, వద్దు, ఇక్కడ నలభై మందికి దాని భాష వచ్చు ఇప్పుడు, నేర్పింది అదే, ఒక్కొక్కరి వెంటపడి, వాళ్ళని వదిలి ఎక్కడికి రమ్మంటావు, నీ దగ్గర ఉన్నది ట్రాన్స్‌ఫర్ ఒక్కటేనా ఇవ్వడానికి అన్నాడు, ఒక్కటే, ఏడేళ్ళుగా ఒక్కటే, క్షమించావా అని అడగబోయి ఆగాను, వాడే అన్నాడు, క్షమించానో లేదో నాకే తెలీదు, తెలిసినప్పుడు చెప్తాను, ఫోను చేస్తే ఎత్తు.

బయట కమిటీవాళ్ళు గొంతు సవరించుకుంటున్నారు, గ్రూప్ ఫోటో అట, నేను లేవలేదు, పిల్ల నా కుడిచెయ్యి తీసుకుని వేళ్ళు విడదీస్తోంది, ఉంగరం వేలు అడ్డొస్తే పక్కకి వంచింది, మెత్తటి పట్టు, ఏదో మాట నేర్పాలని చూస్తోంది, ఏం మాటో ఇంకా తెలీదు, నా వేళ్ళు మొద్దుగా ఉన్నాయి, మళ్ళీ విడదీసి మళ్ళీ పెడుతోంది, ఓపిగ్గా, ఆ గోడకేసి పదినెలలు కూర్చున్న పిల్ల, తొమ్మిదేళ్ళ పిల్ల, ఎందుకు అని అడిగిన పిల్ల, నేను ఇన్నాళ్ళూ నాది పదవి తెచ్చిన ఒంటరితనం అనుకున్నాను, పాస్టర్ల సభల్లో దాని గురించి ప్రసంగాలు కూడా చేశాను, పైనున్నవాడికి తోడుండదని, అందరూ తలలూపారు, తోడు లేకపోవడమేమిటి, ఇంట్లో ఆరేళ్ళు ఒక మనిషి నేను ఒక్క మాట అడిగితే చెబుదామని కూర్చుంది, నాలుగు గంటల దూరంలో ఒకడు ఏడేళ్ళుగా ఒక్క మాట కోసం ఉన్నాడు, నన్నెవరూ ఒంటరిని చెయ్యలేదు, నా ఒంటరితనం నేను కోరి తెచ్చుకున్నది, ఈ పిల్లది మాత్రం నేనిచ్చింది, నా సంతకంతో.